ఆచార్య శేషాద్రి గారు, మన ప్రత్తి పువ్వు

ఆచార్య తిరువెంకట రాజేంద్ర శేషాద్రి గారు మన ప్రాంతంలో పుట్టినవారు కారు. తెలుగువారూ కారు. అయినా ఆయన జీవితాన్ని మన సంఘం ప్రత్యేక సంచికలో తలచుకోవడం సబబే. ప్రత్తి, మిరప పండే ఈ మెట్ట మాగాణుల్లో పుట్టి పెరిగిన మనం ప్రత్తి కాయను చూశాం, దూదిని చూశాం, గింజను గేదెలకు పెట్టాం. పువ్వును మాత్రం పట్టించుకోలేదు. ఆ పువ్వులోని పసుపు రంగు ఏమిటో తెలుసుకోవడానికి ఏళ్ళ తరబడి శ్రమించిన మహానుభావుడు శేషాద్రి గారు. యుద్ధకాలంలో ఆయన శాఖ మన గుంటూరుకే తరలివచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివిన పాత తరంవారికి టి.ఆర్. శేషాద్రి అనే పేరు ఇంటి పెద్ద పేరు వంటిది. మిగిలినవారికి ఆయనను పరిచయం చేయాలి.

ఇప్పుడు పరిచయం చేయడానికి ఇంకొక కారణం కూడా ఉంది. మన ఇళ్ళలో రక్తపోటు మాత్రల పక్కన ఈమధ్య ఫ్లేవనాయిడ్లు అని రాసి ఉన్న సీసాలు చేరుతున్నాయి. పిల్లలు అమెరికా నుంచి పంపినవి కొన్ని, బజారులో ఎవరో చెబితే కొన్నవి కొన్ని. ఆ ఫ్లేవనాయిడ్లు అనే కుటుంబమే శేషాద్రి గారి జీవితకాలపు పని.

ఆయన 1900 ఫిబ్రవరి 3వ తేదీన తిరుచిరాపల్లి ప్రాంతంలోని కుళిత్తలైలో జన్మించారు. తండ్రి బడిపంతులు. చదువు శ్రీరంగం, తిరుచిరాపల్లిలలో సాగింది. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయన శాస్త్రం ఆనర్సు చేశారు. డబ్బుకు ఇబ్బంది ఉన్న రోజుల్లో రామకృష్ణ మిషన్ వారు ఆదుకున్నారు. చదువు ముగిశాక ఒక సంవత్సరం ఆ మిషన్‌లోనే పనిచేసి, ఆ తరువాతే ప్రెసిడెన్సీ కళాశాలలో బి.బి. డే గారి వద్ద పరిశోధనకు చేరారు.

1927లో ప్రభుత్వ ఉపకార వేతనంతో ఇంగ్లండు వెళ్ళారు. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ గారి శిష్యరికం దొరికింది. పువ్వులకూ పండ్లకూ ఎరుపు, నీలం ఇచ్చే ఆంథోసయనిన్ల నిర్మాణం తేల్చి, వాటిని ప్రయోగశాలలో తయారు చేస్తున్న బృందం అది. రాబిన్సన్ గారికి 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. 1929లో డాక్టరేటు పొందాక శేషాద్రి గారు నేరుగా ఇంటికి రాలేదు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఫ్రిట్జ్ ప్రెగ్ల్ గారి వద్ద సూక్ష్మ విశ్లేషణ నేర్చుకున్నారు. ఆ పైన ఎడింబరోలో జార్జి బార్జర్ గారి దగ్గర ఆల్కలాయిడ్ల మీద పనిచేశారు.

ఈ సూక్ష్మ విశ్లేషణ గురించి ఒక మాట చెప్పాలి. ఒక పదార్థంలో కార్బన్ ఎంత, హైడ్రోజన్ ఎంత అని తేల్చాలంటే పూర్వం చిటికెడు పదార్థాన్ని కాల్చాల్సి వచ్చేది. ప్రెగ్ల్ గారు మూడు నాలుగు మిల్లీగ్రాములతోనే తేల్చే పద్ధతి కనిపెట్టి 1923లో నోబెల్ బహుమతి అందుకున్నారు. బుట్టెడు పువ్వుల నుంచి చివరకు మిగిలేది గోటి మీద పట్టేంత పొడి. అందులో చిటికెడు కాల్చేస్తే మిగతా పరీక్షలకు ఏముంటుంది? మన దేశపు పువ్వుల మీద పనిచేయదలచిన మనిషికి ఈ విద్య లేకపోతే చేతులు లేనట్టే. తిరిగి వచ్చేటప్పుడు శేషాద్రి గారు తెచ్చుకున్న ఆస్తి ఇదేనని నా అభిప్రాయం.

1930లో స్వదేశం చేరారు. కొంతకాలం మద్రాసులో, కొంతకాలం కోయంబత్తూరు వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేశారు. 1933లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను వాల్తేరుకు పిలిచింది. అప్పుడు ఉపాధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణ గారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మ గారి దానంతో విజ్ఞాన కళాశాల రూపుదిద్దుకుంటున్న రోజులవి. రసాయన శాస్త్ర శాఖ బాధ్యత శేషాద్రి గారి మీద పడింది. 1937లో ఆచార్యులయ్యారు. రసాయన సాంకేతిక శాస్త్రం, ఔషధ రసాయన శాస్త్రం అక్కడ వేళ్ళూనుకోవడంలో కూడా ఆయన చేయి ఉంది.

వాల్తేరు వచ్చాక ఆయన పట్టుకున్న మొదటి పెద్ద పనుల్లో ఒకటి ప్రత్తి పువ్వు. కె. నీలకంఠం తదితర శిష్యులతో కలిసి 1935 నుంచి వరుసగా వ్యాసాలు వెలువరించారు. వాటిని విదేశాలకు పంపలేదు. సర్ సి.వి. రామన్ గారు 1934లో బెంగుళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలోనే అచ్చు వేయించారు. మొదట కంబోడియా ప్రత్తి, తరువాత ఉప్పం, కరుంగన్ని. ఇవన్నీ అప్పటి మద్రాసు రాష్ట్రంలో పండిన రకాలు. కంబోడియా అమెరికా జాతి, మిగిలిన రెండూ దేశవాళీ.

ఆ పని ఎలా సాగేదో ఊహించుకోండి. పూరేకులను ఆరబెట్టి, సారాయి సత్తులో మరగబెట్టి, సారాన్ని చిక్కబరచాలి. ఈథర్‌తో కడిగి జిడ్డు తీయాలి. సీసపు లవణం కలిపి రంగును కిందికి దించాలి. మళ్ళీ విడదీయాలి, మళ్ళీ స్ఫటికాలుగా పేరబెట్టాలి. ఈనాటి యంత్రాలు ఒక్కటీ లేవు. స్ఫటికం ఏ వేడిమికి కరుగుతుంది, క్షారం కలిపితే ఏ రంగుకు మారుతుంది, ఆమ్లంలో ఉడికిస్తే ఏ చక్కెర విడిపోతుంది, బలమైన క్షారంలో ముక్కలు చేస్తే ఏ ముక్కలు వస్తాయి, ఇవే ఆధారాలు. విరిగిన కుండ పెంకులు చూసి కుండ ఆకారం చెప్పడం లాంటిది. ఒక పదార్థం నిర్మాణం తేలడానికి కొన్ని నెలలు కాదు, కొన్ని ఏళ్ళు పట్టేది.

ప్రత్తి పువ్వు పసుపు ఫ్లేవనాయిడ్ల వల్ల వచ్చిందని ఇంగ్లండులో పెర్కిన్ గారు అప్పటికే చూపించారు. గాసిపెటిన్ అనే పదార్థాన్ని 1899లోనే వేరు చేశారు. శేషాద్రి గారి బృందం ఆ దారిలో మరింత ముందుకు వెళ్ళి హెర్బాసెటిన్ అనే కొత్త పదార్థాన్నీ, దానికి చక్కెర తగిలిన రూపమైన హెర్బాసిట్రిన్‌నూ పట్టుకుంది. హెర్బాసెటిన్ నిర్మాణం ఫలానా విధంగా ఉండాలని వాల్తేరు వారు ప్రకటిస్తే, 1938లో రాబిన్సన్ గారి ప్రయోగశాలలోనే దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. గురువుగారి చేతనే శిష్యుడి లెక్క సరిచూడబడిందన్నమాట.

ఈ పేర్లు విని చదువరులు బెదరనక్కర లేదు. ఫ్లేవనాయిడ్ అంటే పదిహేను కార్బన్ పరమాణువుల చట్రం. దాని చుట్టూ హైడ్రాక్సిల్ అనే చిన్న చేతులు ఉంటాయి. మన ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్‌కు ఐదు చేతులు. హెర్బాసెటిన్‌కూ ఐదే కానీ వేరే చోట్ల. గాసిపెటిన్‌కు ఆరు. చేయి ఒక్కటి పెరిగినా, ఒక్క చోటు మారినా రంగు మారుతుంది, గుణం మారుతుంది. ఆ చేతులను లెక్కపెట్టి, ఏది ఎక్కడ ఉందో చెప్పడమే శేషాద్రి గారి పని.

సరిగ్గా అదే కాలంలో హంగరీ దేశంలో ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గి గారు మిరపపండ్లతో కుస్తీ పడుతున్నారు. అక్కడి తీపి మిరపలో విటమిన్ సి సమృద్ధిగా ఉందని గ్రహించి, దాన్ని కిలోల లెక్కన తీశారు. 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. మిరప, నిమ్మ తొక్కలలో ఇంకేదో ఉందనీ, అది సూక్ష్మ రక్తనాళాలను గట్టిపరుస్తుందనీ భావించి, 1936లో దానికి విటమిన్ పి అని పేరు పెట్టారు. అవి ఫ్లేవనాయిడ్లే. దానితో అప్పటిదాకా అద్దకాలవారికి మాత్రమే కావలసిన ఈ పసుపు రంగులు ఒక్కసారి వైద్యుల దృష్టిలో పడ్డాయి. అయితే అది నిజమైన విటమిన్ అని రుజువు కాలేదు. 1950 ప్రాంతంలో ఆ పేరే వదిలేశారు. ఆశ ముందు పుట్టడం, రుజువు వెనుకబడటం ఈ శాస్త్రంలో అప్పటికీ ఇప్పటికీ మామూలే.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. వాల్తేరు భవనాలు సైన్యం చేతికి వెళ్ళాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. అప్పటి గుంటూరు జిల్లా అంటే ఇప్పటి బాపట్ల, పల్నాడు ప్రాంతాలే కాదు, ఒంగోలు కూడా అందులోదే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా. అప్పుడు ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. తెలుగు శాఖనో చరిత్ర శాఖనో తరలించడం తేలిక, పుస్తకాలు బండికెక్కిస్తే సరిపోతుంది. రసాయన శాఖ అలా కాదు. నీళ్ళు కావాలి, పొయ్యిలు కావాలి, గాజు సామాను పగలకుండా రావాలి. యుద్ధం వల్ల విదేశాల నుంచి రసాయనాలు రావడమే గగనమైన రోజులు. మనలో ఆఫీసు ఒక భవనం నుంచి మరొక భవనానికి మారినప్పుడు ఫైళ్ళు సర్దుకోవడానికి ఎన్ని నెలలు పట్టిందో గుర్తున్నవారికి ఆ కష్టం అర్థమవుతుంది.

అయినా ఆ సంవత్సరాలలో పరిశోధన ఆగలేదు. పైగా మన ఇంటి మొక్కల పువ్వులెన్నో ఆ కాలపు వ్యాసాలలో కనిపిస్తాయి. గోంగూర పువ్వు అందులో ఒకటి. గుంటూరు గోంగూర గురించి లోకమంతా ఆకు సంగతే మాట్లాడుతుంది. శేషాద్రి గారు, ఆయన శిష్యులు పువ్వు తీసుకున్నారు. ఎర్ర గోంగూర పువ్వు నుంచి హైబిసెటిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. దానికి ఏడు చేతులు. ఊళ్ళో రచ్చబండ దగ్గర నీడనిచ్చే గంగరావి చెట్టు పువ్వు నుంచి పాపుల్నిన్ తీశారు. కానుగ నూనె నుంచి ఎస్. రంగస్వామి గారితో కలిసి పొంగమాల్ వేరు చేశారు. ప్రత్తి, గోంగూర, బెండ, గంగరావి, మందార, ఇవన్నీ ఒకే కుటుంబం అని వృక్షశాస్త్రజ్ఞులు పువ్వు ఆకారం చూసి చెబుతారు. ఆ పువ్వుల్లో ఉన్న రసాయనాలు కూడా బంధువులేనని ఈయన చూపించారు.

అక్కడితో ఆగలేదు. ఐదు చేతుల పదార్థం, ఆరు చేతుల పదార్థం, ఏడు చేతుల పదార్థం పక్కపక్కనే దొరుకుతున్నాయంటే మొక్క వాటిని మెట్టు మెట్టుగా తయారు చేస్తున్నదేమో అనే ఊహ వచ్చింది. ఊహ వస్తే చాలదు కదా. తక్కువ చేతులున్న ఫ్లేవోన్‌కు పర్సల్ఫేట్ సాయంతో కొత్త చేయి తగిలించే పద్ధతిని 1940ల చివర విస్తృతంగా వాడి, మొక్క చేసే పనికి పోలిక ప్రయోగశాలలో చూపించారు. ఆయన పనులన్నిటిలో నిపుణులు బాగా మెచ్చినవాటిలో ఇది ఒకటి.

ఇక గాసిపిన్ సంగతి. ఆరు చేతుల గాసిపెటిన్‌లో ఒక ప్రత్యేకమైన చేతికి గ్లూకోజు తగిలితే అది గాసిపిన్. వేరే చేతికి తగిలితే అది గాసిపిట్రిన్. రెండింటిలోనూ ఉన్నవి అవే సరుకులు, అతుకు చోటే వేరు. గాసిపిన్‌లో ఆ అతుకు ఎక్కడ ఉందో శేషాద్రి గారి బృందం 1946, 1947 ప్రాంతంలో తేల్చింది. అప్పట్లో ఇది పువ్వుల రంగుల గురించిన సంగతి మాత్రమే. ఎవరి రోగానికీ దానితో సంబంధం లేదు.

అరవై ఏళ్ళు దాటాక అదే గాసిపిన్ కణ జీవశాస్త్రజ్ఞుల చేతికి వచ్చింది. మెలనోమా అనే చర్మపు క్యాన్సర్ ఉన్నవారిలో సుమారు సగం మందికి కణంలోని బి-రాఫ్ అనే ప్రోటీన్‌లో ఒక మార్పు ఉంటుంది. ఇంట్లో దీపం స్విచ్చి ఇరుక్కుపోయి ఎప్పుడూ వెలుగుతున్నట్టు, ఆ మార్పు వల్ల కణం విభజన ఆగకుండా సాగుతుంది. 2013లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో గాసిపిన్ ఆ మారిన బి-రాఫ్‌నూ, కణ విభజనను నడిపించే మరొక ఎంజైమునూ అడ్డుకుంటున్నదని కనుగొన్నారు. గాజు పళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాలు చచ్చిపోయాయి. మనిషి మెలనోమా కణాలను నాటిన ఎలుకలకు పది రోజులు ఇస్తే కంతి పరిమాణం తగ్గింది. గాసిపిన్ అంటే ఏమిటో, దాని ఏ చేతికి చక్కెర ఉందో ముందే తేల్చి ఉండకపోతే ఈ పరీక్షకు అర్థమే లేదు. ఏ అణువు పనిచేసిందో చెప్పలేని పరీక్ష వైద్యానికి పనికిరాదు.

ఇంతవరకు చదివి ప్రత్తి పువ్వుల కషాయం కాచుకుందామని ఎవరూ లేవకండి. పళ్ళెంలో కణాల మీద నేరుగా పోసినంత మోతాదు మనం తిన్నప్పుడు రక్తంలో చేరదు. ఫ్లేవనాయిడ్లు పేగుల్లో కొద్దిగానే ఇంకుతాయి, ఇంకినదాన్ని కాలేయం గంటల్లో మార్చేస్తుంది. పైగా ఇవి ఏ ప్రోటీన్ దొరికితే దానికి అంటుకునే రకం. అందువల్ల పరీక్షల్లో లేని గుణం ఉన్నట్టు కనిపించడం కూడా కద్దు. ఎలుక నుంచి మనిషి దాకా ఉన్న దారిలో తొంభై పాళ్ళు దారిలోనే ఆగిపోతాయి. గాసిపిన్ ఇంకా క్యాన్సర్ మందు కాలేదు. మన సంఘ సభ్యులలో క్యాన్సర్ వైద్యం తీసుకుంటున్నవారున్నారు. వారికి ఎవరైనా పూల పొడి ఇచ్చి ఆసుపత్రి మందు మానమంటే, ఆ మనిషిని గడప దాటనివ్వకండి.

ప్రకృతిలో దొరికింది కనుక హాని చేయదనే మాట ప్రత్తి విషయంలో మరీ చెల్లదు. ప్రత్తి గింజలో గాసిపాల్ ఉంటుంది. పేరు దగ్గరగా ఉన్నా ఇది ఫ్లేవనాయిడ్ కాదు, వేరే జాతి. నెమరువేసే గేదె కడుపు దీన్ని చాలావరకు తట్టుకుంటుంది, కోళ్ళు తట్టుకోలేవు. గింజల నూనెను శుద్ధి చేయడానికి ఇదొక కారణం. చైనాలో శుద్ధి చేయని ప్రత్తిగింజల నూనె వాడిన పల్లెల్లో పిల్లలు పుట్టకపోవడం గమనించి, 1970లలో గాసిపాల్‌ను మగవారి కుటుంబ నియంత్రణ మాత్రగా వేలమందిపై పరీక్షించారు. పనిచేసింది. కానీ కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయింది, కొందరికి సంతాన శక్తి తిరిగి రాలేదు. చివరకు విరమించుకున్నారు.

గోంగూర విషయం కొంత మెరుగు. ఎర్ర గోంగూర పువ్వు రాలాక మిగిలే ఎర్రని కండగల తొడిమెతో కాచిన పానీయం రక్తపోటును కొద్దిగా తగ్గిస్తుందని మనుషుల మీద జరిగిన పరీక్షల్లోనే తేలింది. కొద్దిగా అన్న మాట గమనించండి. అది మాత్రకు తోడు కావచ్చునేమో కానీ బదులు కాదు. మాత్రలు వేసుకుంటున్నవారు డాక్టరుకు చెప్పి తాగడం మంచిది.

శేషాద్రి గారు 1949లో వాల్తేరు వదిలి ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. తెలుగు దేశంలో ఆయన గడిపింది పదహారేళ్ళు. ఆయన నాటిన విద్య ఎల్. రామచంద్రరావు గారి వంటి శిష్యుల ద్వారా వాల్తేరులో కొనసాగింది. ఢిల్లీలో ప్రకృతి పదార్థాల రసాయన శాస్త్రానికి పేరు మోసిన కేంద్రాన్ని నిర్మించారు. 1960లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ లభించాయి. 1967లో హైదరాబాదులో జరిగిన సైన్స్ కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. మొత్తం మీద వెయ్యికి పైగా పరిశోధన వ్యాసాలు ఆయన పేరున ఉన్నాయి. వెయ్యి వ్యాసాలలో అన్నీ ఒకే ఎత్తున ఉంటాయని అనలేం. కానీ వాటి వెనుక తయారైన నూటికి పైగా డాక్టరేట్లను లెక్కలోకి తీసుకుంటే ఆ సంఖ్యకు అర్థం తెలుస్తుంది. చాలా వ్యాసాలు ఏదో ఒక కుర్రవాడు పని నేర్చుకున్న గుర్తులు.

1965లో ఆయన పదవీ విరమణ చేశారు. మనకు ఈ మాట దగ్గరగా తగులుతుంది. విశ్వవిద్యాలయం గౌరవ ఆచార్యులుగా కొనసాగించింది. ఆయన ప్రయోగశాలకు రావడం మానలేదు. ఆ చివరి సంవత్సరాలలో ఆయన పట్టుకున్న పదార్థాలలో ఎర్రచందనపు ఎరుపు ఒకటి. నల్లమల, శేషాచలం కొండల్లో పెరిగే ఆ చెట్టు మన గిద్దలూరు వైపువారికి తెలియనిది కాదు. అందులోని శాంటాలిన్ నిర్మాణం చాలా జటిలమైనది, డెబ్బై ఏళ్ళ వయసులో దాని చిక్కుముడి విప్పే వ్యాసాలు రాశారు. 1975 సెప్టెంబరు 27న ఢిల్లీలో కన్నుమూశారు.

ఆయన పరిశీలించిన దేశవాళీ ప్రత్తి జాతికి చెందినదే మన గుంటూరు, కృష్ణా జిల్లాల కోకనాడ ప్రత్తి. దూది కాస్త ఎర్ర గోధుమ రంగులో ఉండేది. కాకినాడ రేవు మీదుగా ఎగుమతి అయ్యేది కనుక ఆ పేరు. నల్లరేగడిలో వర్షాధారంగా పండేది. తరువాత హైబ్రిడ్లు వచ్చాయి, 2002 నుంచి బి.టి. ప్రత్తి వచ్చింది. ఇప్పుడు మన చేలల్లో ఉన్నది దాదాపు అంతా కంబోడియా జాతికి చెందిన అమెరికా ప్రత్తే. తెల్లవారి లేత గంధపు రంగులో విచ్చి, మర్నాటికి గులాబీ రంగు తిరిగి రాలిపోయే పువ్వు దానిది. గాఢమైన పసుపు రంగులో, అడుగున ఎర్ర మచ్చతో పూసే దేశవాళీ పువ్వు చూడాలంటే లాం ఫారం వంటి పరిశోధన క్షేత్రాలలోనో, అక్కడక్కడ మెట్ట గ్రామాలలోనో వెతకాలి.